చేప కన్నా ముందు నీళ్ళు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయండి, మన ప్రాంతానికి సంబంధించినదైతే మరీ మంచిది అని సంఘం కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి, పహాడీ షరీఫ్ దర్గా గురించి రాయగలవారు మనలో చాలామందే ఉన్నారు. నేను ఒక చేప గురించి రాయదలచుకున్నాను. అదీ మన చెరువు చేప కాదు. మంచు కరిగి పారే ఏళ్ళలో తిరిగే ట్రౌట్ అనే చేప. జల్‌పల్లిలో కూర్చుని ట్రౌట్ గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. దానికి కారణముంది.

మన పహాడీ షరీఫ్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుని పోతే తుక్కుగూడ దాటాక కందుకూరు వస్తుంది. ఆ కందుకూరు మండలంలో రెయిన్‌బో ట్రౌట్ పెంచే ఫారం ఒకటి 2026 జనవరిలో ప్రారంభమైంది. నీటిని యంత్రాలతో చల్లబరిచి, వడగట్టి, మళ్ళీ మళ్ళీ అదే నీటిని తొట్లలో తిప్పుతూ చేపను పెంచే పద్ధతి అది. మే నెలలో నలభై డిగ్రీల ఎండ కాసే రంగారెడ్డి జిల్లాలో చల్లనీటి చేప! పేపరులో ఆ వార్త చదివిన నాటినుంచి నన్ను ఒక ప్రశ్న వదలలేదు. ఏ ఏర్పాటూ అడగకుండా వందల ఏళ్ళు మన చెరువులలో బతికిన కొర్రమీనుకు చోటు కరువవుతుంటే, ఇన్ని ఏర్పాట్లు అడిగే ట్రౌట్‌కు చోటు ఎలా దొరికింది? జవాబు ట్రౌట్ చరిత్రలోనే ఉంది. దాన్నే ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

ఏటికి ఎదురు నిలిచే చేప

ట్రౌట్‌లలో మనం ముఖ్యంగా రెండింటి పేర్లు వింటాము. ఒకటి బ్రౌన్ ట్రౌట్, అంటే గోధుమ వన్నె ట్రౌట్. దీని పుట్టిల్లు ఐరోపా. ఒంటి మీద నల్లని చుక్కలు, వాటి మధ్య ఎర్రని చుక్కలు ఉంటాయి. రెండవది రెయిన్‌బో ట్రౌట్. ఇది అమెరికా ఖండం పడమటి తీరపు చేప. కందుకూరులో పెంచేది ఈ రెండవ రకం. కాని మన దేశానికి ట్రౌట్ వచ్చిన కథ మొదటిదానితోనే మొదలవుతుంది.

ఈ చేపకు కావలసినవి రెండు: నీరు చల్లగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది. పది డిగ్రీల వేడిమి గల నీటిలో లీటరుకు దాదాపు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుస్తుంది. అదే నీరు ముప్ఫై డిగ్రీలకు వెచ్చబడితే ఏడున్నర మిల్లీగ్రాములకు దిగిపోతుంది. నీరు ఇరవై డిగ్రీలు దాటి వేడెక్కిన కొద్దీ బ్రౌన్ ట్రౌట్‌కు ఇబ్బంది మొదలవుతుంది. చలికాలం వచ్చే ముందు ఆడచేప ఏటికి ఎదురెక్కి, గులకరాళ్ళున్న చోట తోకతో గుంత చేసి గుడ్లు పెడుతుంది. ఆ రాళ్ళ సందులలోకి స్వచ్ఛమైన నీరు వారాల తరబడి పారుతూ ఉండాలి. మురుగు వచ్చినా, బురద మేట వేసినా గుడ్లు ఊపిరాడక చస్తాయి. అందుచేత ట్రౌట్ ఉన్న ఏటికి వేరే పరీక్ష అక్కరలేదు. ఆ చేపే సాక్షి.

ఏటిలో ట్రౌట్ ఒక రాతి వెనుకనో, గట్టు నీడననో చోటు చూసుకుని, ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి నిలుస్తుంది. పైనుంచి కొట్టుకువచ్చే పురుగును అక్కడే నిలిచి అందుకుంటుంది. కాబట్టి వేటగాడు దాని వెనుకనుంచి, అంటే దిగువనుంచి అడుగులో అడుగు వేసుకుంటూ పోతాడు. చిన్న వాగులలో నీడ పడినా, రాయి కదిలినా చేప మాయమవుతుంది. సరస్సులో వ్యవహారం వేరు. అక్కడ మేతను మోసుకువచ్చే ప్రవాహం ఉండదు గనుక చేపే మేతను వెతుక్కుంటూ తిరుగుతుంది. వాగులు వచ్చి కలిసే మూలలలో, గాలి పురుగులను తోసే ఒడ్డున పడవలోనుంచో గట్టుమీదనుంచో గాలం వేస్తారు.

గాలానికి గుచ్చేది కూడా వానపాము కాదు. కోడి ఈక, నెమలి ఈక, బొచ్చు, పట్టుదారం చుట్టి, నీటిమీద వాలే ఈగలాగా చేసిన కొక్కెం. దానికి 'ఫ్లై' అనే పేరు. బరువంతా తాడులో ఉంటుంది, ఈకకు బరువే ఉండదు. పొడవాటి బద్దతో తాడును వెనక్కీ ముందుకీ ఊపి, నిజమైన ఈగ వాలినంత మెల్లగా నీటిమీద దించడమే ఆ విద్యలోని కష్టం.

గాలం కొత్తది కాదు

ఈ ఈకల గాలం ఇంగ్లీషువారు కనిపెట్టినదని చాలామంది అనుకుంటారు. రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1,800 సంవత్సరాల క్రితమే, మాసిడోనియా దేశపు ఏటిలో ఎర్ర ఉన్ని, ఈకలు కట్టిన కొక్కేలతో చుక్కల చేపలను పట్టేవారని రాశాడు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 'ది కంప్లీట్ ఆంగ్లర్' అనే పుస్తకం 1653లో అచ్చయింది. అది నేటికీ అచ్చవుతూనే ఉంది. 1676లో చార్లెస్ కాటన్ దానికి ఫ్లైతో ట్రౌట్ పట్టే భాగాన్ని చేర్చాడు.

మనవాళ్ళు ఈ విద్యకు కొత్తవారని అనుకోనక్కరలేదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అని ఒక భాగముంది. ఏ బద్ద మంచిది, తాడు ఎలా పేనాలి, ఏ చేపకు ఏ ఎర వేయాలి అన్నవి అందులో వరుసగా చెప్పబడ్డాయి. కల్యాణి అంటే నేటి బసవకల్యాణ్. 1956 వరకు అది మన హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలోనిదే. చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగం మీద ప్రత్యేకంగా వ్యాసం ప్రకటించారు. అంతకన్నా ముందుకు పోతే, అశోకుని ఐదవ స్తంభశాసనంలో కొన్ని పర్వదినాలలో చేపలను చంపరాదు, అమ్మరాదు అన్న ఆజ్ఞ కనబడుతుంది. వేటతో పాటు వేటకు హద్దు కూడా ఈ నేలకు పాతదేనని దీనివల్ల తెలుస్తున్నది.

మంచుపెట్టెలో ప్రయాణం

ఇంగ్లీషువారు ఎక్కడికి పోయినా తమ తోటలను, తమ ఆటలను వెంట తీసుకుపోయారు. ట్రౌట్‌నూ అలాగే తీసుకుపోయారు. 1864లో నార్‌ఫోక్ అనే ఓడ ఇంగ్లండునుంచి ఆస్ట్రేలియా దిశగా బయలుదేరింది. దానిలోని మంచుగదిలో, తడి నాచు పరచిన చెక్కపెట్టెలలో లక్షకు పైగా సాల్మన్ చేప గుడ్లున్నాయి. వాటితోపాటు కొసరుగా కొన్ని వేల ట్రౌట్ గుడ్లు వేశారు. మూడు నెలల ప్రయాణం తరువాత అవి టాస్మేనియా దీవికి చేరాయి. పొదిగిన సాల్మన్ పిల్లలు సముద్రానికి పోయి మళ్ళీ రాలేదు. కొసరుగా వచ్చిన ట్రౌట్ మాత్రం నిలిచింది. న్యూజిలాండుకు ట్రౌట్ వెళ్ళింది అక్కడినుంచే.

మన దేశంలో మొదటి ప్రయత్నాలు మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగాయి. ఆనాడు మన రాజమండ్రి, కర్నూలు, బెజవాడ అన్నీ ఆ ప్రెసిడెన్సీలోనివే. మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు 1860లలో నీలగిరులకు ట్రౌట్ తేవడానికి ప్రయత్నించాడు. అది ఫలించలేదు. తరువాత ఈయనే భారతదేశపు చేపలన్నిటినీ వర్ణిస్తూ 1875 నుంచి 1878 వరకు పెద్ద గ్రంథం ప్రకటించాడు. నీలగిరులలో అవలాంచి వద్ద హేచరీ కట్టి, విల్సన్ అనే నిపుణుని చేతిలో పెట్టాక, 1907 తరువాత గాని అక్కడ ట్రౌట్ నిలదొక్కుకోలేదు. నిలిచినది కూడా రెయిన్‌బో రకమే.

కాశ్మీరులో బ్రౌన్ ట్రౌట్‌కు కావలసిన నీరు ఉంది. 1899లో బ్రిటన్‌నుంచి పంపిన గుడ్లు దారిలోనే చెడిపోయాయి. 1900లో స్కాట్లండునుంచి మళ్ళీ తెప్పించారు. శ్రీనగరులో తివాచీల కార్ఖానా నడిపే మిచెల్ అనే ఆయన వాటి బాధ్యత తీసుకున్నాడు. ఈసారి పిల్లలు బతికాయి. హార్వాన్ వద్ద హేచరీ వచ్చింది. అక్కడినుంచి లిద్దరు, సింధు లోయల వాగులన్నిటికీ పిల్లలను చేర్చారు. 1909లో కుల్లూ లోయలోని మాహిలీలో హేచరీ కట్టి బియాస్ నదిలో వదిలారు. మన తెలుగు నేల మీద మాత్రం ట్రౌట్ సొంతంగా పిల్లలు పెట్టి నిలిచిన ఏరు ఒక్కటీ లేదు. మన ఏళ్ళకు ఆ చలువ లేదు.

చేప వెంట వచ్చిన చట్టం

మిత్రులు గమనించవలసిన విషయం ఇక్కడున్నది. చేపను తెచ్చి నీళ్ళలో వదిలి వాళ్ళు చేతులు దులుపుకోలేదు. చేప వెంట హేచరీ వచ్చింది, కాపలావాడు వచ్చాడు, పర్మిటు వచ్చింది. ఏటిని ముక్కలుగా విభజించి ప్రతి ముక్కకూ హద్దు పెట్టారు. ఏ ముక్కలో, ఏ రోజున, ఏ గాలంతో, ఎంత సైజుకు తగ్గని చేపను, రోజుకు ఎన్నింటిని పట్టవచ్చునో రాసి ఇచ్చారు. గుడ్లు పెట్టే చలికాలంలో వేట మూసివేశారు. ఇప్పటికీ కాశ్మీరులో పర్మిటు లేకుండా ట్రౌట్ వాగులో గాలం వేయరాదు. చేపను కాపాడడానికి ఏటిని కాపాడవలసి వచ్చింది.

ఇందులో చెడు లేకపోలేదు. ఆ పర్మిట్లు మొదట దొరల వినోదానికి పుట్టినవే. తరతరాలుగా వాగులో చేప పట్టుకుని తినే కొండవాసి ఒక్కరోజులో దొంగ అయ్యాడు. మంచు వాగులలో అంతకుముందునుంచీ ఉన్న నాటుచేపలను ట్రౌట్ తిని తగ్గించింది. ప్రపంచంలో పరాయి చోట్లకు చేరి ఎక్కువ హాని చేసే వంద జీవుల పట్టిక ఒకటి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థవారు తయారు చేశారు. అందులో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఉన్నాయి. కాబట్టి ఆ చేపను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. దానికి దక్కిన కాపలా ఎలాంటిదో చూడమంటున్నాను.

ఆ కాలంలోనే చెరువు చేపల గురించి ఆలోచించిన దొర కూడా ఒకాయన ఉన్నాడు. దక్షిణ కెనరా కలెక్టరుగా చేసి, తరువాత మద్రాసు రెవెన్యూ బోర్డు సభ్యుడైన హెన్రీ సల్లివన్ థామస్. చిన్న కన్నుల వలలు, విషం పెట్టి పట్టడం వల్ల చేప ఎలా నశిస్తున్నదో 1870లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం, 1887లో కేవలం చెరువులలో గాలం వేయడం మీద మరొక పుస్తకం రాశాడు. నీళ్ళలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరం చేస్తూ 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. అది బ్రిటిషు ఇండియాకు వర్తించిన చట్టం. నిజాం రాజ్యంలో వేరే కానూన్లు నడిచేవి. ఇక్కడ 1940లలో రహీముల్లాగారు నిజాంసాగర్ చేపలను సర్వే చేసి నివేదిక ప్రకటించారు.

మన కొర్రమీను

ఇక మన చేపకు వద్దాం. కొర్రమీను ట్రౌట్‌కు అన్నివిధాలా ఎదురు. దానికి చలువ అక్కరలేదు, పారే నీరూ అక్కరలేదు. మొప్పలతోపాటు తలలో గాలి పీల్చే అర ఉంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి ఒక గుక్క గాలి పీల్చుకుని పోతుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే తడి బురదలో దాక్కుంటుంది. ముషీరాబాదు చేపల మార్కెట్టులో చారెడు నీళ్ళున్న తొట్టిలో అది బతికే ఉండడం మనమందరం చూసినదే. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం రోగులు మందుతో సహా మింగేది దీని పిల్లనే. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

దీన్ని గాలంతో పట్టడం మా చిన్నతనంలో పిల్లల చదువులో ఒక భాగంలాగా ఉండేది. వెదురుబద్ద, నూలుతాడు, బెండు ముక్క, కొక్కెం. ఎరకు చిన్న కప్పనో, చిన్న చేపనో గుచ్చి తామరాకుల అంచున నీటిమీద ఎగురుతున్నట్టు ఆడించేవారు. గాలి కోసం చేప పైకి వచ్చినచోట నీళ్ళు కదులుతాయి. అది చూసి గాలం వేయాలి. ట్రౌట్ వేటగాడు ఈకతో ఈగను నటింపజేస్తాడు, మనవాడు నిజం కప్పనే ఆడిస్తాడు. ఓపిక ఇద్దరికీ ఒక్కటే.

అయితే కొర్రమీను విషయంలో పెద్దలు ఒక కట్టుబాటు చెప్పేవారు. ఈ చేప పిల్లలను వదిలిపెట్టి పోదు. ఎర్రని పిల్లల గుంపు నీటి పైభాగాన మబ్బులాగా కదులుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. ఆ గుంపు కనబడితే కింద పెద్ద చేప ఉన్నట్టే. గాలం వేస్తే కోపంతో వచ్చి పట్టుకుంటుంది. తేలికగా దొరుకుతుంది. కాని ఆ సమయంలో పట్టరాదు అనేవారు. ఒక్క చేప చేతికి వస్తుంది, వందల పిల్లలు పరుల నోట పడతాయి. పర్మిటు లేదు, కాగితం లేదు. అయినా అది చట్టమే.

చెరువుకూ అలాంటి కట్టుబాటే ఉండేది. మన ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు వాగుగా పారి కింది చెరువు నింపుతుంది. తూము తెరవడం, మూయడం, కట్ట మీద కన్నువేసి ఉండడం నీరటి పని. బెస్తలు, ముదిరాజులు వల వేసేవారు. తొలకరి వరదకు చేపలు ఎదురెక్కి పై చెరువులకు పోయేవి. మత్తడి దగ్గర తెల్లగా ఎగిరిపడే ఆ చేపలను చూడడానికి ఊరు ఊరంతా వచ్చేది. స్కాట్లండు ఏటిలో ట్రౌట్ చేసేదీ ఇదే. కాలం వేరు, నీరు వేరు, తీరు మాత్రం ఒక్కటే. గొలుసులో ఒక్క లంకె తెగినా చేప దారి తెగుతుంది.

ఫైలులో లేని గడి

నేను 1970లలో ఒక పంచాయతీ సమితి కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. నా సీటుకు వచ్చిన ఫైళ్ళలో చెరువుల చేపల వేలం ఫైళ్ళు ఉండేవి. గ్రామం పేరు, చెరువు పేరు, ఆయకట్టు ఎకరాలు, పోయిన ఏడాది పాట, ఈ ఏడాది పాట, పాటదారు పేరు, బకాయి. ఈ గడులన్నీ ఒక్క పైసా తేడా లేకుండా నింపేవాళ్ళము. నీళ్ళు ఎలా ఉన్నాయి, వరద కాలువ తెరిపి ఉందా, చేప గుడ్లు పెట్టే రోజులలో వేట ఆపారా అని అడిగే గడి ఆ కాగితంలో ఉండేది కాదు. చెరువు మా కాగితాలలో ఒక ఆదాయం పద్దు మాత్రమే. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఊరి నీళ్ళను ఊరే కాచుకునే అలవాటు సన్నగిల్లుతూ వచ్చింది. దాని బదులు ఏర్పాటైనదేదో నాకైతే కనబడలేదు.

ఈలోగా శాస్త్రం ముందుకు పోయింది. అంతకుముందు బొచ్చె, రోహు పిల్లలను వరద నదులలో వడకట్టి తెచ్చుకోవలసి వచ్చేది, ఎందుకంటే నిలవ నీళ్ళలో అవి గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10ని మనదేశంలో మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. దీనివల్ల లక్షల కుటుంబాలకు తిండి, పని దొరికాయి. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2006లో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి మన హైదరాబాదులోనే ఏర్పడింది. అత్తాపూర్ దగ్గర చేప ఆకారంలో కట్టిన దాని భవనం చాలామంది చూసే ఉంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం ప్రారంభించింది.

కాని పిల్లలను వదలడం ఒక పని, నీళ్ళను నిలపడం మరొక పని. మొదటిదానికి ఫొటో ఉంటుంది, లెక్క ఉంటుంది. రెండవదానికి రెండూ ఉండవు.

ఏడు చేపల కథ

జల్‌పల్లి పేరులోనే జలం వినబడుతుంది. ఊరికి చెరువుంది, చుట్టూ గుట్టలున్నాయి. మనకు పడమటి వైపున శంషాబాదు దగ్గర ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ ఉంది. 1908 మూసీ వరదల తరువాత నగర రక్షణకు కట్టిన రెండు జలాశయాలలో అది ఒకటి, 1927లో పూర్తయింది. మొదటిదైన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఆ రెండింటి ఎగువ ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో 111 నంబరు జీవో వచ్చింది. తాగునీటి జలాశయాలకు అలా ఒక జీవో అయినా దక్కింది. చిన్న చెరువులకు, కుంటలకు అదీ లేదు.

2008 మార్చి 23న శంషాబాదులో విమానాశ్రయం పనిచేయడం మొదలుపెట్టింది. భూముల ధరలు, రోడ్లు, కాలనీలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మన పక్కనున్న కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతపు మట్టిని పరీక్షించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అందులో సీసం, క్రోమియం, రాగి, జింకు వంటి లోహాలు ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువగా ఉన్నాయని 2008లో ప్రకటించారు. మట్టిలో ఉన్నది వాన పడితే వాగులోకి పోతుంది, వాగునుంచి చెరువులోకి పోతుంది. లోహం కుళ్ళిపోదు, ఆవిరైపోదు. చెరువు అడుగున చేరి కూర్చుంటుంది.

2020 అక్టోబరు వానలు మిత్రులెవరూ మరచిపోయి ఉండరు. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. మన జల్‌పల్లిలోని ఉస్మాన్‌నగర్‌లో బురాన్‌ఖాన్ చెరువు నీళ్ళు ఇళ్ళలో చేరి నెలల తరబడి పోలేదు. జీవితమంతా దాచుకున్న డబ్బుతో కట్టుకున్న ఇళ్ళు వదిలి జనం కిరాయి ఇళ్ళకు పోయారు. నీళ్ళు పోయే దారి లేనప్పుడు అవి ఉన్నచోటే ఉండిపోతాయి. చేప దారి మూసిననాడు ఎవరూ అడగలేదు. అదే దారి నీళ్ళది కూడా అని ఆ ఏడు తెలిసింది.

మనం మనవలకు చెప్పే ఏడు చేపల కథ గుర్తుకు తెచ్చుకోండి. ఎండని చేపను అడిగితే గడ్డిమోపు మీదికి, గడ్డిమోపును అడిగితే ఆవు మీదికి, అలా ఒకరినుంచి ఒకరికి పోయి చివరకు చీమ దగ్గర తేలుతుంది. చెరువు చేప ఏమైందని నేడు అడిగినా అలాగే పోవాలి. చేపనడిగితే నీరు చెడిందంటుంది. నీటినడిగితే నాలాలో మురుగు వచ్చిందంటుంది. నాలానడిగితే తన మీద ఇల్లు కట్టారంటుంది. ఇంటివాడినడిగితే ప్లాటు అమ్మినవాడు కాగితం చూపించాడంటాడు. ఆ కథలో చీమ తన పుట్టలో వేలు పెడితే కుట్టనా అని నిజం చెప్పింది. మన కథలో ఆ నిజం చెప్పేవారు దొరకడమే కష్టం.

మనం చేయగలిగిన పని

ఇంత రాశాక, మనబోటి ముసలివాళ్ళు ఏం చేయగలరు అన్న ప్రశ్న వస్తుంది. నడుం నొప్పులతో కట్ట మీద కాపలా కాయలేము గదా. అయితే మనకు వచ్చిన విద్య ఒకటుంది. కాగితం చదవడం. పహాణీ, సేత్వార్, గ్రామ నక్షా, శిఖం భూమి అన్న మాటలు చూడగానే అర్థమయ్యే తరం మనది. మన పిల్లలకు కంప్యూటరు వచ్చు గాని శిఖం అంటే ఏమిటో తెలియదు.

చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో ఆ హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. ఆ హద్దు బయట, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి చెరువు హద్దుకూ హెచ్.ఎం.డి.ఎ. వారు మొదట ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్ ఇస్తారు. 2024లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన హైడ్రా సంస్థ చెరువుల ఆక్రమణలను చూస్తున్నది. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టవచ్చు.

నా మనవి ఇది. మన సంఘంలో రెవెన్యూలో, సర్వేలో, నీటిపారుదలలో పనిచేసినవారు కనీసం పదిమంది ఉంటారు. జల్‌పల్లి చెరువుది, దాని ఎగువ, దిగువ కుంటలది, వాటిని కలిపే వాగులది పాత గ్రామ నక్షా నకళ్ళు తెప్పిద్దాం. ఎఫ్.టి.ఎల్. నోటిఫికేషన్ ఏ దశలో ఉందో అడిగి తెలుసుకుందాం. నీటి పరీక్ష ఫలితాలు అడుగుదాం. వచ్చిన కాగితాలన్నీ ఒక ఫైలులో కుట్టి సంఘం బీరువాలో పెడదాం. ఈసారి ఆ ఫైలులో నీళ్ళు ఎలా ఉన్నాయి అన్న గడి మొదటి పేజీలోనే ఉండాలి. ఇల్లు కొనే ముందు మన పిల్లలు, వాళ్ళ స్నేహితులు వచ్చి ఆ ఫైలు చూసుకుంటే చాలు, మరొక ఉస్మాన్‌నగర్ తప్పుతుంది.

కందుకూరు తొట్లలో ట్రౌట్ పెరగడం మంచిదే. నలుగురికి పని దొరుకుతుంది, మనవాళ్ళు కొత్త విద్య నేర్చుకుంటారు. అక్కడ ఒక్క గంట మోటారు ఆగితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు, అందుకే రాత్రింబవళ్ళు నీటిని కొలుస్తూ కూర్చుంటారు. మన చెరువుకు మోటారు లేదు, కొలిచేవాడూ లేడు. కొర్రమీను మొండిది గనుక ఇంకా ఎక్కడో బురదలో ఉండి ఉంటుందని నా నమ్మకం. నకళ్ళ కోసం దరఖాస్తు నేను రాసి ఉంచాను. సంతకాలు చేయదలచినవారు నెల మొదటి ఆదివారం సంఘం కార్యాలయానికి కళ్ళజోడు మరచిపోకుండా రావలసిందిగా కోరుతున్నాను.